18 అంగుళాల పచ్చి కర్ర గిన్నెలకు 20 అంగుళాల స్వింగ్ లేత్ చాలుతుందా?

16–18 అంగుళాల వ్యాసమున్న గిన్నెలు తిప్పడానికి లేత్ (కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) కావాలి, ఎండని కర్రతోనే. 18 అంగుళాల దిమ్మ 6 అంగుళాల మందముంటే 20 కిలోలు దాటుతుంది, బరువు ఒక పక్కకు లాగుతుంది. తేలిక మెషీన్ నేల మీదే నడవడం మొదలెడుతుంది కాబట్టి 300 కిలోలకు తక్కువున్నవి పక్కన పెట్టేశాను.

మిగిలినవి రెండు. పవర్‌మాటిక్ 3520సీ స్వింగ్ (తిప్పగలిగే గరిష్ఠ వ్యాసం) 20 అంగుళాలు. హెడ్‌స్టాక్‌ను (దిమ్మను పట్టి తిప్పే భాగం) బెడ్ (కింది పట్టాలు) చివరికి జరిపి, గిన్నె లోపల తొలిచేటప్పుడు ఎదురుగా నిలబడొచ్చు. నడుముకు అది చాలా పెద్ద మేలు. కానీ స్వింగ్ కొలిచేది బెడ్ నుంచి. బాంజో (ఉలిని ఆనించే ఆధారాన్ని మోసే భాగం) దిమ్మ కిందికి వచ్చిందంటే దొరికే చోటు బాగా తగ్గిపోతుంది. వన్‌వే 2436లో 24 అంగుళాలున్నాయి, హెడ్‌స్టాక్ మాత్రం కదలదు. రోజూ పెద్ద గిన్నెలు తిప్పేవాళ్లు దేనికి ఓటేస్తారు?

మోటార్ సంగతి ఇంకా ముఖ్యం. వ్యాసాన్ని ఆర్‌పీఎమ్‌తో గుణిస్తే 6000–9000 మధ్య రావాలన్న లెక్కన 18 అంగుళాలకు 330 నుంచి 500 ఆర్‌పీఎమ్. గుండ్రం కాని దిమ్మకైతే 100 లోపే మొదలెట్టాలి. వీఎఫ్‌డీతో (మోటార్ వేగం మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) వేగం తగ్గిస్తే మోటార్ పవరూ తగ్గుతుంది, అందుకే బెల్టును తక్కువ వేగపు పుల్లీకి మార్చాలి. అలా మార్చాక, గౌజ్‌తో (గాడి ఉన్న ఉలి) అంచు దగ్గర లోతుగా కోసినప్పుడు 2 హెచ్‌పీ ఆగిపోతుందా? లేక 3 హెచ్‌పీకి వెళ్లక తప్పదా?

స్పిండిల్ (తిరిగే ఇరుసు) మర ఎం33×3.5 (మిల్లీమీటర్ల కొలత) అయితే 1¼×8 (అంగుళాల కొలత) మర ఉన్న చక్‌లు, ఫేస్‌ప్లేట్‌లు (దిమ్మను బిగించే పట్లు, పళ్లేలు) పట్టవు. పెద్ద ఫేస్‌ప్లేట్‌లు ఏ మరకు తేలిగ్గా దొరుకుతున్నాయో కూడా చెప్పగలరు.