కొసరు అంటే 'ఎక్స్‌ట్రా' కాదు

నిన్న ఇక్కడ ఒకరు 'కొసరు'కి అర్థం 'ఎక్స్‌ట్రా' అని రాశారు. మూడు నెలల కిందటి దాకా నేనూ అంతే అనుకునేదాన్ని. పుస్తకాల్లో చాలాసార్లు చదివిన మాటే. నెల్లూరు మూలాపేటలో పొడుల అంగడి పెట్టాక గానీ దాని అసలు అర్థం నాకు తెలిసి రాలేదు.

అంగడంటే మా ఇంటి ముందుగదే. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు కారం, నల్లకారం. స్టోన్‌హౌస్‌పేటలో సరుకు తెచ్చుకుని నేనే వేయించి ఆడిస్తాను. మొదటి వారంలో ఒక పెద్దావిడ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి కందిపొడి పావుకిలో అడిగింది. కాటా మీద 250 చూపించింది. మూట కట్టి చేతికిచ్చాను, డబ్బులు తీసుకున్నాను. ఆమె కదల్లేదు.

"ఏంది పాపా, కొసరెయ్యవా?"

మళ్ళీ మూట విప్పబోయాను. "దాంట్లో కాదు" అని మనవరాలి చెయ్యి పట్టుకుని నా ముందుకు చాపింది. చెంచాడు పొడి ఆ పిల్ల అరచేతిలో వేశాను. అది నాలుకతో అద్దుకుని నా వంక చూసింది. పెదవి మీద, ముక్కు కొసన పొడి. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి చూశాను.

ఆ రాత్రి తట్టింది. కొసరు తూకంలోది కాదు, తూకం అయిపోయాక వచ్చేది. పాత తక్కెడలో సరుకున్న సిబ్బి కాస్త కిందికి దిగేలా తూచేవాళ్ళు, దాన్ని మొగ్గు అంటారు. మొగ్గు తూకంలో భాగం. కొసరు అలా కాదు. లెక్క తీరిపోయింది, ఇక ఒకరికొకరు బాకీ లేరు, అప్పుడు అమ్మినవాళ్ళ చెయ్యి మళ్ళీ డబ్బాలోకి వెళ్తుంది. అదీ కొన్నవాళ్ళ కళ్ళముందే. నేను ప్యాకెట్లు కూడా కడతాను, వాటి మీద నికర బరువు వెయ్యాలి. 250 అని వేసి లోపల 255 పెట్టినా దాన్ని కొసరు అనలేం. అడిగినవాళ్ళు లేరు, వేసిన చెయ్యి కనపడదు. 'ఎక్స్‌ట్రా' అంటే ఆ అయిదు గ్రాములకు సరిపోతుందేమో గానీ, ఆ పిల్ల అరచేతిలో పడినదానికి సరిపోదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు బాగా దగ్గరిది. మా నాయన కోవూరు దగ్గర వరి పండించేవాడు. మా జిల్లాలో వడ్ల ధర ఇప్పటికీ పుట్టి లెక్కనే చెప్తారు, పుట్టి అంటే 850 కిలోలు. కాటా దగ్గర ఆ 850కి ఎప్పుడూ ఆగదు. తేమ ఉందని, తాలు ఉందని పైన ఇంకొన్ని కిలోలు లాగుతారు. ఒక ఏడు ఎంత పోయిందో నాయన పంచాంగం అట్ట వెనక పెన్సిలుతో రాసుకున్నాడు. ఆ అంకెల పైన పెట్టిన మాట 'తరుగు'. ఒక్కచోట కూడా కొసరు అని లేదు. అదీ పైన పోయిందే, ఇదీ పైన పోయిందే. అయినా నాయన రెండింటినీ ఒకే పేరుతో పిలవలేదు. అడిగితే మనసొప్పి వేసింది కొసరు, అడక్కుండా పట్టుకుపోయింది తరుగు. చదువు అయిదో తరగతితో ఆగిన మనిషికి ఈ తేడా నిఘంటువు చూడకుండానే తెలుసు. నాకేమో ఇన్ని పుస్తకాలు చదివీ అంగడి పెట్టిందాకా తెలియలేదు.

మీ వైపు ఏమంటారో రాయండి.

కనిగిరి వైపు నుంచి ఒకరు: మాకూ కొసరే అక్కా. మా తాత కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి 'ఒకటి' అనేవాడు కాదు, 'లాభం' అనేవాడు. లాభం, రెండు, మూడు... ఏడు దగ్గరికొచ్చేసరికి 'ఆరున్నొకటి'. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని. కొలత అంతా అయ్యాక దోసెడు వడ్లు పైన పోసేవాడు, దానికి లెక్క లేదు. ఒక్క అనుమానం. అంగట్లో కొసరేది కొనేవాళ్ళు. 'కొసరి కొసరి వడ్డించింది' అంటే మాత్రం కొసరేది పెట్టేవాళ్ళు. ఈ తిరకాసు ఎట్టా?

నా జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ, రెండు రోజులు నన్ను వదల్లేదు. నాకు తోచింది చెప్తాను. రెండు చోట్లా 'చాలు' అనే మాట ముందే వచ్చేసి ఉంటుంది. అంగట్లో చాలన్నది కాటా, విస్తరి ముందు చాలన్నది తినేవాళ్ళు. ఆ చాలుని ఒప్పుకోకుండా ఇంకాస్త అని బతిమాలేవాళ్ళు ఎవరైతే వాళ్ళే కొసరుతున్నట్టు. తనకోసం బతిమాలితే బేరం, ఎదుటివాళ్ళకోసం బతిమాలితే వడ్డన. మా అమ్మ నెయ్యి గరిటె పట్టుకుని, అడ్డం పెట్టిన చేతివేళ్ళ సందులోంచి అన్నం మీదికి జార్చేది. ఆమె కొసరడం అంటే నా కళ్ళకు కట్టేది అదే.

లాభం సంగతి రాసినందుకు చాలా సంతోషం. ఇవాళ పొద్దున బోణీ పొట్లం కట్టేటప్పుడు పైకే 'లాభం' అన్నాను. గుమ్మంలో బడికి చెప్పులేసుకుంటున్న మా పాప విని, "రెండు" అంది.

దానికి రోజూ రాత్రి ఒక కథ చదువుతాను. ఒకటే అని ఒప్పందం. మొన్న పుస్తకం మూసి దీపం ఆర్పబోతుంటే అరచెయ్యి చాపింది. "కొసరు పేజీ" అంది.

మళ్ళీ పుస్తకం తెరిచాను.