రోజా 19 రోజులకే ఆపేశాడు, సులేమానియాలో మా వంటింటి కాకా. బహాయీ అంటే ఏంటి?

ఆర్మూర్ అబ్బాయి:
అన్నలకు నమస్తే. ఇరాక్ కుర్దిస్తాన్‌లో, సులేమానియాలో ఒక హోటల్ వంటింట్లో పనిచేస్తున్నా. నాతోపాటు రొట్టెలు కాల్చే కుర్దు పెద్దాయన ఉన్నాడు. అందరూ కాకా అంటారు. మన దగ్గర కాక అంటే బాబాయి, ఇక్కడ అన్న.

2025లో రంజాన్ మార్చి 1న మొదలైంది. ఆయన కూడా అందరితోపాటే మొదలుపెట్టాడు. ఒక్కటే తేడా, తెల్లవారుజామున అజాన్ అయిపోయాక కూడా నిమ్మళంగా టీ తాగేవాడు. పొద్దు పొడిస్తేనే గ్లాసు కడిగి బోర్లించేవాడు. 20వ తేదీ మధ్యాహ్నం స్టోర్‌రూంలో చూస్తే రొట్టె ముక్క పెరుగులో ముంచుకుని తింటున్నాడు! ఒంట్లో బాగాలేదా అని అడిగా. "మాకు అయిపోయింది, ఇవాళ కొత్త సంవత్సరం" అన్నాడు. మిగతావాళ్లు ఇంకో పది రోజులు ఉన్నారు.

తర్వాత చెప్పాడు, తను బహాయీ అని, వాళ్ల ప్రవక్త ఈ కొండల్లోనే ఫకీరులా బతికాడని. నాకు తెలిసింది ఢిల్లీ లోటస్ టెంపుల్ ఒక్కటే. ఇది కుర్దుల మతమా? మావాళ్లకు తెలిసినా ఎవరూ ఏమీ అనరేంటి?

పాత సైట్ అకౌంటెంట్:
తమ్ముడూ, నేను ఆరేళ్లు అక్కడే ఉన్నా, చెబుతా విను. పుట్టింది ఇరాన్‌లో. 1844లో షిరాజ్‌లో బాబ్ అనే యువకుడితో మొదలైంది, ఆయన్ను 1850లో తబ్రీజ్‌లో కాల్చి చంపారు. ఆయన అనుచరుల్లో ఒకరు బహావుల్లా, మీ కాకా చెప్పిన ప్రవక్త ఈయనే. టెహ్రాన్‌లో పుట్టిన పెద్దింటి బిడ్డ. జైల్లో పెట్టి, 1853లో బాగ్దాద్‌కు తరిమేశారు. అక్కడ సొంతవాళ్లలోనే గొడవలు. విసిగిపోయి 1854 ఏప్రిల్‌లో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కుర్దు కొండల్లోకి వెళ్లిపోయాడు. పెద్ద కొడుకుకు అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు.

సర్గలూ అనే కొండమీద, రైతులు విత్తేటప్పుడూ కోసేటప్పుడూ తలదాచుకునే రాళ్ల గుడిసెలో ఉన్నాడు. తిండి పాలు, ఎప్పుడైనా కాస్త అన్నం. పేరు అడిగితే దర్వేష్ మొహమ్మద్. ఒకరోజు ఒక పిల్లాడు చూసి రాసుకునే ఒరవడి కాగితం పోయిందని ఏడుస్తుంటే ఈయనే కొత్తది రాసిచ్చాడట. బడిలో ఆ చేతిరాత చూసి అందరూ నోరు వెళ్లబెట్టారు. అడుక్కునేవాడికి ఈ అక్షరాలెక్కడివి అని. (ఈ కథలన్నీ ఎక్కువగా బహాయీలు రాసుకున్నవే, ఆ మాట కూడా గుర్తుంచుకో.)

తర్వాత సులేమానియాలోని నక్ష్‌బందీ శాఖ సూఫీలు తమ తకియాకు, అంటే మఠానికి, పిలుచుకున్నారు. ఇబ్న్ అల్ ఫారిద్ అనే పాత సూఫీ కవి అరబ్బీ పద్యం ఛందస్సులో, అదే ప్రాసలో ఒకటి చెప్పమన్నారు. రెండు వేల చరణాలు చెప్పి, 127 మాత్రమే ఉంచుకోనిచ్చాడంటారు. మన అవధానం చూసినవాళ్లకు ఇది నమ్మబుద్ధవుతుంది.

ఆచూకీ ఎలా తెలిసిందో అది ఇంకా వింత. వెంట వెళ్లిన సేవకుణ్ని దొంగలు కొట్టి చంపారు. చనిపోతూ తన సొత్తంతా దర్వేష్ మొహమ్మద్‌కే ఇవ్వమన్నాడు. ఆ పేరు బాగ్దాద్ చేరింది, ఇంట్లోవాళ్లు పోల్చుకున్నారు, మనిషిని పంపారు. 1856 మార్చి 19న తిరిగొచ్చాడు. ఒకటి రెండు రోజుల్లో నౌరోజ్, అదే కొత్త సంవత్సరం!

అసలు సంగతేంటంటే, ఆయన తానే ప్రవక్తనని బాగ్దాద్ తోటలో చెప్పింది 1863లో. కుర్దులు ఆదరించింది ప్రవక్తను కాదు, ఊరూ పేరూ తెలియని ఒక ఇరానీ ఫకీరును. వాళ్లు సున్నీలు, ఈయన షియా ఇంట్లో పుట్టినవాడు. అయినా స్నేహం తెగలేదు. తర్వాత కిర్కూక్ షేక్ అబ్దుర్ రహమాన్ తాలబానీ కోసం 'నాలుగు లోయలు' అనే పుస్తకం రాశాడు.

ఉపవాసం సంగతి: వాళ్లకు నెలకు 19 రోజులు, ఏడాదికి 19 నెలలు. చివరి నెలంతా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా. అందుకే ఆ టీ.

బాగ్దాద్ నుంచి వచ్చేశా:
అన్న చెప్పింది నిజమే కానీ అంత తియ్యగానే లేదు. 1970లో 105వ నంబరు చట్టంతో ఇరాక్ ఈ మతాన్నే నిషేధించింది, అది ఇంకా రద్దు కాలేదు. గుర్తింపు కార్డులో బహాయీ అని రాయించుకోలేరు. బాగ్దాద్‌లో ఆయన ఉన్న ఇంటిని 2013లో కూల్చేశారు. కుర్దిస్తాన్ ప్రాంతీయ ప్రభుత్వం మాత్రం గుర్తింపు ఇచ్చింది, వాళ్ల వక్ఫ్ మంత్రిత్వశాఖలో బహాయీలకూ చోటుంది. మీ కాకా స్టోర్‌రూంలో దాక్కుని తిన్నది రోజాలో ఉన్నవాళ్ల ముందు తినకూడదనే మర్యాదకేమో, అయినా హోటల్ పేరు మాత్రం ఇక్కడ రాయకు తమ్ముడూ.

ఆర్మూర్ అబ్బాయి:
రాయను అన్నా. ఇవాళ టీ టైంలో "సర్గలూ" అన్నా, అంతే. కాకా గ్లాసు కింద పెట్టేశాడు. కిటికీలోంచి కనిపించే గొయ్‌జా కొండ చూపించి అదేనా అని అడిగితే, తల అడ్డంగా ఊపి, దాని అవతలికి చెయ్యి విసిరాడు. చాలా దూరం అట. తర్వాత పిండి చేత్తోనే నా వీపు తట్టాడు. చొక్కా పాడైంది.