షట్‌డౌన్ పాపం ఎవరిది: వైట్‌హౌస్‌దా, కాంగ్రెస్‌దా?

వర్జీనియా గోదారోడు:
2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా, 43 రోజులు నిధులు మంజూరు కాక అమెరికా ప్రభుత్వం మూతపడింది. మా తమ్ముడు కొత్త ఉద్యోగంలో చేరాల్సింది, హెచ్-1బీ వీసాకి కార్మిక శాఖ ఇవ్వాల్సిన ఆమోదం, ఎల్‌సీఏ, కదలక అక్టోబరంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. తప్పెవరిదన్నయ్యా అని రోజూ ఫోను. నా లెక్కలో కాంగ్రెస్‌దే, అంటే ఇక్కడి పార్లమెంటుదే. చట్టం చేస్తే తప్ప ఖజానాలోంచి పైసా తియ్యకూడదని రాజ్యాంగమే రాసింది. ఆ చట్టం చేసేది వాళ్లు. చెయ్యలేదు. ఇందులో అధ్యక్షుడు చెయ్యగలిగిందేముంది?

పాలమూరు పిల్ల:
ఏముందా? 2018 డిసెంబరు 11 వీడియో చూడు అన్నా. వైట్‌హౌస్‌లోని ఓవల్ ఆఫీసులో ప్రతిపక్ష డెమోక్రాట్ నాయకులు షూమర్, పెలోసీ ఎదురుగా కూర్చునుంటే, సరిహద్దు భద్రత కోసం ప్రభుత్వాన్ని మూసెయ్యడం నాకు గర్వకారణం, ఆ బాధ్యత నాదే అన్నాడు ట్రంప్. మెక్సికో సరిహద్దు గోడకి 570 కోట్ల డాలర్లు కావాలని పట్టు. మూత పడే ముందురోజే మాట మార్చి, ఇది డెమోక్రాట్ల షట్‌డౌన్ అని ట్వీటు. అది 35 రోజులు నడిచింది. సంతకం పెట్టనని ముందే చెప్పేవాడికి బిల్లు పంపి ఏం లాభం?

డల్లాస్ చిన్నోడు:
అక్కా, 2018 కథ వేరు, 2025 కథ వేరు. ఈసారి కాంగ్రెస్ దిగువ సభ హౌస్ సెప్టెంబరు 19నే తాత్కాలిక బిల్లు పాస్ చేసి పంపింది. ఎగువ సభ సెనేట్‌లో 60 ఓట్లు కావాలి, ట్రంప్ పార్టీ రిపబ్లికన్లకున్నవి 53. ఆరోగ్య బీమా సబ్సిడీలు పొడిగిస్తేనే ఓటేస్తామని డెమోక్రాట్లు అడ్డుకున్నారు. ఇందులో వైట్‌హౌస్ ఎక్కడొచ్చింది?

పాలమూరు పిల్ల:
ఆ 60 ఓట్ల లెక్క రాజ్యాంగంలో లేదు తమ్ముడూ, సెనేట్ తనకు తాను పెట్టుకున్న రూలు. తీసెయ్యమని ట్రంపే అడిగాడు, సొంత పార్టీ సెనేటర్లే వినలేదు. బిల్లు పంపేసిన హౌస్ మళ్లీ ఓటేసింది నవంబరు 12నే. ఆ సభ్యులకి జీతం మాత్రం వస్తూనే ఉంది అన్నాళ్లూ.

బెజవాడ బాబాయ్:
లాయరుగా ఒక మాట. మీరిద్దరూ తాళం ఎవరు వేశారని కొట్టుకుంటున్నారు. ఆ తాళం చేసిందెవరు? 1980కి ముందు కూడా బడ్జెట్లు ఆలస్యమయ్యేవి, కానీ ఆఫీసులు చాలావరకు నడుస్తూనే ఉండేవి, డబ్బు వెనకాల వస్తుందిలే అని. ఆ ఏడాది అప్పటి అధ్యక్షుడు కార్టర్ అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి పాత చట్టాన్ని తిరగేసి, డబ్బు మంజూరు కాకపోతే పని ఆపాల్సిందే అని అభిప్రాయం రాశాడు. ప్రాణానికీ ఆస్తికీ ముప్పున్న పనులకి మాత్రం మినహాయింపు. అంటే ఇప్పుడు మనం చూస్తున్న షట్‌డౌన్ కార్యనిర్వాహక శాఖ కలం లోంచి వచ్చింది. సరే, ఆ తర్వాత కాంగ్రెస్ ఏం చేసింది? బడ్జెట్ ఆలస్యమైతే పాత కేటాయింపులే వాటంతటవే కొనసాగుతాయని ఒక్క చట్టం చేస్తే ఈ గొడవ ఉండదు. 45 ఏళ్లుగా ఆ పని జరగలేదు. ఎందుకంటే ఆ కత్తి రెండు పక్షాలకీ కావాలి. తిలా పాపం తలా పిడికెడు.

గోదారోడూ, నీ వాదనకి ఒక సాక్ష్యం నేనే ఇస్తా. 2018-19లో 35 రోజులు మూసినా ఎల్‌సీఏలు ఆగలేదు. కార్మిక శాఖ బడ్జెట్‌ని కాంగ్రెస్ ముందే పాస్ చేసేసింది మరి.

రాత్రి డ్యూటీ:
పాపం సమానం అంటే నేనొప్పుకోను బాబాయ్. నిందలెయ్యడానికి కాంగ్రెస్ వాళ్లకున్నది మైకు. వైట్‌హౌస్‌కి సర్కారు యంత్రాంగమంతా ఉంది. ఈసారి గృహనిర్మాణ శాఖ వెబ్‌సైటు తెరిస్తే "రాడికల్ లెఫ్ట్" వల్లే మూతపడిందని బ్యానరు. విద్యాశాఖలో ఇంకా ఘోరం: ఇంటికి పంపిన ఉద్యోగుల ఆటో రిప్లైలు వాళ్లకి చెప్పకుండానే మార్చి, నేరం డెమోక్రాట్ సెనేటర్లదని వాళ్లే రాసినట్టు పెట్టారు. జీతం లేదు, పైగా నోట్లో మాటలు కుక్కడం! అది వాక్ స్వాతంత్ర్యాన్ని కాలరాయడమేనని నవంబరులో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చాడు. విమానాశ్రయాల్లో వేయమని మంత్రి పంపిన అలాంటి వీడియోని చాలాచోట్ల వెయ్యనే లేదు.

డల్లాస్ చిన్నోడు:
అది తప్పే, ఒప్పుకుంటా. కానీ కాంగ్రెస్ వాళ్లేమన్నా చంటిపిల్లలా? 1995లో హౌస్ స్పీకర్ గింగ్రిచ్, అధ్యక్షుడి విమానం ఎయిర్ ఫోర్స్ వన్‌లో తనని వెనక తలుపు నుంచి దింపారని అలిగి బిల్లు మరింత బిగించానన్నట్టు మాట్లాడి, పేపర్లో ఏడుపుగొట్టు బొమ్మ వేయించుకున్నాడు.

కరీంనగర్ మామ:
మన దగ్గర నయం. బడ్జెట్ పాసయ్యేదాకా ఖర్చులకు తాత్కాలిక అనుమతిచ్చే ఓటాన్ అకౌంట్ ఉంది, లోక్‌సభలో బడ్జెట్ ఓడితే ప్రభుత్వమే దిగిపోవాలి. అయినా మనకూ ఉన్నయిలే. తెలంగాణల పార్టీ మారిన 10 మంది ఎమ్మెల్యేల సంగతి స్పీకర్ దగ్గర నానుతుంటే, మూడు నెలల్ల తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టే చెప్పాల్సొచ్చింది.

బెజవాడ బాబాయ్:
మామా, దానికి వేరే థ్రెడ్ పెట్టు. ఇక్కడ మొదలైతే తెల్లారదు.

వర్జీనియా గోదారోడు:
సివిలెట్టి సంగతి నాకు తెలీదు బాబాయ్, దాంతో సగం దిగొచ్చా. మిగతా సగం ఇంకా కాంగ్రెస్ మీదే. తమ్ముడికి మాత్రం ఏం చెప్పాలో తెలీట్లేదు.

పాలమూరు పిల్ల:
ముందు ఎల్‌సీఏ వచ్చిందా లేదా అది చెప్పన్నా.

వర్జీనియా గోదారోడు:
నవంబరులో వచ్చింది. ఇప్పుడు అడగట్లేదు వాడు కూడా.