పత్తి దిగుమతి సుంకం ఎత్తేసింది ఎవరి కోసం?

మునుగోడు పత్తిరైతు:
2025 ఆగస్టులో కేంద్రం పత్తి మీదున్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31కి పొడిగించారు. మా పత్తి ఇంటికొచ్చేదే అక్టోబరు నుంచి. బయటి దూదికి గేటు తెరిచి, మాకు 2025-26కు క్వింటాలుకు 8,110 మద్దతు ధర అన్నారంటే ఏమనుకోవాలి?

మిల్లు మనిషి:
అన్నా, మాదీ నల్లగొండే. స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తా. 2025 ఆగస్టు 27 నుంచి మన బట్టల మీద అమెరికా 50 శాతం సుంకం వేసింది. అప్పుడు బంగ్లాదేశ్, వియత్నాంలకు 20 శాతమే వేసింది. ఆర్డర్లు అటు పోతుంటే కనీసం దూదైనా చౌకగా దొరకొద్దా? మిల్లు మూతపడితే మీ పత్తి కొనేదెవరు? మద్దతు ధర ఎలాగూ ఉందాయె.

మునుగోడు పత్తిరైతు:
ఉంది తమ్మీ, కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే మిషన్ ఒప్పుకుంటే. తేమ 8 శాతం లోపుంటేనే పూర్తి ధర, 12 దాటితే కొనరు. మొంథా తుపానుకు పత్తి చేన్లోనే తడిసింది. రెండు రోజులు రోడ్డు మీద ఆరబోసి ఆటోలో తీసుకుపోతే 14 చూపించింది. వాపస్ తెస్తే కిరాయి డబుల్. గేటు బయట నిలబడ్డ వ్యాపారి 6,200 అన్నాడు, ఇచ్చేశా. సుంకం ఎత్తేసి బయటి దూది చౌకగా దిగితే దెబ్బ పడేది వ్యాపారి ఇచ్చే ఆ 6,200 మీదే.

పాలమూరు పంతులు:
స్వేచ్ఛా వాణిజ్యం అని అందరికీ పాఠం చెప్పిన అమెరికా, తన పత్తి రైతులకు సబ్సిడీలిచ్చి ప్రపంచ వాణిజ్య సంస్థలో బ్రెజిల్ చేతిలో ఓడింది. 2014లో 30 కోట్ల డాలర్లిచ్చి రాజీ పడింది. ఇప్పుడు సుంకాలూ తనే వేస్తోంది. మిల్లులను ఆదుకోవాల్సిందే, కాదనను. అది ఖజానాలోంచి ఇవ్వాలి, రైతు ధరలోంచి కోసి కాదు. వడ్డీ రాయితీ ఇవ్వొచ్చుగా?

మిల్లు మనిషి:
వడ్డీ రాయితీ ఓనర్‌కు సార్. మాకు ఇప్పటికే ఒక షిఫ్టు తీసేశారు. ఇంకో సంగతి, మా నాయనదీ పత్తే, నాలుగెకరాలు. ధర పెరగాలని ఆయన, తగ్గాలని నేను. ఇంట్లో ఈ ముచ్చటే ఎత్తం.

మునుగోడు పత్తిరైతు:
మీ నాయన అమ్మిండా మరి?

మిల్లు మనిషి:
ఇంకా లేదన్నా. మంచాలు బయటేసి అర్రలో పోసుకున్నాడు.