హిస్టారిక్, హిస్టారికల్: తొట్లకొండకి ఏది రాయాలండి?
వైజాగ్ చూడ్డానికొచ్చేవాళ్ల కోసం ఇంగ్లీష్‌లో చిన్న బ్రోచర్ రాస్తూ ఒక్కచోట ఆగిపోయా. డిక్షనరీ ప్రకారం చరిత్రలో ముఖ్యమైనదైతే హిస్టారిక్, ఊరికే గతానికి సంబంధించినదైతే హిస్టారికల్, అక్కడిదాకా ఓకే. 1971 యుద్ధంలో పనిచేసి 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా సబ్‌మెరైన్‌కి హిస్టారిక్ అని, పాత రికార్డులకి హిస్టారికల్ అని పెట్టేశా. తిప్పలంతా తొట్లకొండతోనే, రెండువేల ఏళ్లనాటి బౌద్ధారామం కదా పాతదీ అవును ముఖ్యమైనదీ అవును, గ్రామర్ చెకర్‌లో మార్చి మార్చి పెట్టి చూసినా దేనికీ ఎర్రగీత రాలేదు, గూగుల్‌లో వెతికితే రెండూ కనిపిస్తున్నాయి. ఎకనామిక్, ఎకనామికల్‌తో ఈ గొడవే లేదు, ఒకటి ఆర్థికం ఇంకోటి పొదుపు, అంతే. ఇంతకీ తొట్లకొండని హిస్టారిక్ సైట్ అనాలా, హిస్టారికల్ సైట్ అనాలా, ఎందుకని?