కుంగుతుందని తెలిసినా సముద్రంలో కాన్సాయ్ విమానాశ్రయాన్ని ఎందుకు, ఎలా కట్టారు?

ప్రశ్న: సివిల్ మూడో సంవత్సరం, కాకినాడ

అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌లో మాకు సాయిల్ మెకానిక్స్ ఉంది. కన్సాలిడేషన్ (బరువు కింద బంకమట్టిలోని నీరు మెల్లగా బయటపడి నేల కుంగడం) పాఠం చెబుతూ మా మేడమ్ జపాన్‌లోని కాన్సాయ్ విమానాశ్రయాన్ని ఉదాహరణగా చెప్పారు. ఒసాకా తీరానికి 5 కిలోమీటర్ల దూరాన, సుమారు 18 మీటర్ల లోతున్న సముద్రాన్ని పూడ్చి దీవిని తయారుచేశారని, దాని మీద 1994 సెప్టెంబరు 4న విమానాశ్రయాన్ని ప్రారంభించారని, ఆ దీవి ఇప్పటికీ కుంగుతూనే ఉందని అన్నారు. అడుగున మెత్తటి బంకమట్టి ఉందని బోరింగు పరీక్షల్లో ముందే తేలి ఉంటుంది కదా, అయినా అక్కడే కట్టాలని ఎందుకు నిర్ణయించారు? గట్టి రాయి తగిలేదాకా పైల్స్ (నేలలోకి దింపే పొడవాటి స్తంభాలు) దింపి ఉంటే సరిపోయేది కాదా? నేల మీటర్ల లెక్కన దిగిపోతుంటే పైనున్న టెర్మినల్ బీటలు వారకుండా ఎలా నిలిచింది? తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు: జియోటెక్ ఇంజనీరు, విశాఖపట్నం

ముందు స్థలం సంగతి చెబుతాను. ఒసాకాకు అప్పటికే ఇటామి విమానాశ్రయం ఉంది, కానీ దాని చుట్టూ ఇళ్లు పెరిగిపోయాయి. విమానాల రొద భరించలేక అక్కడి జనం 1969లో కోర్టుకెక్కారు. నేటికీ అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 7 వరకు రాకపోకలకు అనుమతి లేదు. 24 గంటలూ నడిచే విమానాశ్రయం కావాలంటే ఊళ్లకు దూరంగా పోవాలి. కొండలకూ సముద్రానికీ నడుమ కిక్కిరిసి ఉన్న ఆ మైదానంలో ఊళ్లకు దూరమంటే ఇక మిగిలింది సముద్రమే. కాబట్టి నేల గుణం తెలియక పొరపాటున ఎంచుకున్న చోటు కాదది.

ఇక నేల విషయం. సముద్రపు అడుగున మొదట దాదాపు 20 మీటర్ల మందాన చాలా మెత్తని బంకమట్టి పొర ఉంది. దాని కింద పాత బంకమట్టి, ఇసుక పొరలు ఒకదాని కింద ఒకటిగా వందల మీటర్ల లోతు వరకు సాగుతాయి. అంటే మీరడిగిన పైల్స్‌కు ఆనుకోవడానికి అందుబాటులో రాయే లేదు. పైగా 500 హెక్టార్లకు మించిన దీవి మొత్తాన్ని పైల్స్ మీద నిలబెట్టడం ఊహకు కూడా అందని ఖర్చు.

అందుకే దీవిని పైల్స్‌తో మోసే ప్రయత్నం మాని, నేల త్వరగా కుంగేలా చేశారు. 1987లో పని మొదలుపెట్టి, పై పొరలోకి 40 సెంటీమీటర్ల వ్యాసం గల ఇసుక డ్రెయిన్లను (మట్టిలోని నీరు బయటపడేందుకు ఇసుకతో నింపిన నిలువు స్తంభాలను) సుమారు రెండున్నర మీటర్ల ఎడంతో దింపారు. మొదటి దీవికే వీటి సంఖ్య పది లక్షల వరకు ఉంటుంది. దీని ప్రయోజనం మీ పాఠంలోని టెర్జాగీ సిద్ధాంతంతోనే అర్థమవుతుంది. కన్సాలిడేషన్‌కు పట్టే కాలం నీరు బయటపడటానికి నడవాల్సిన దూరపు వర్గాన్ని బట్టి మారుతుంది. 20 మీటర్ల పొరలో నీరు పైకో కిందికో గరిష్ఠంగా 10 మీటర్లు నడవాలి. పక్కనే డ్రెయిన్ ఉంటే 1.25 మీటర్లు నడిస్తే చాలు. దూరం ఎనిమిదో వంతుకు తగ్గితే కాలం స్థూలంగా అరవై నాలుగో వంతుకు తగ్గుతుంది. దశాబ్దాలు పట్టే కుంగుదల ఆ పై పొరలో ప్రారంభోత్సవానికి ముందే చాలావరకు పూర్తయింది.

అసలు చిక్కంతా కింది పాత పొరల దగ్గర వచ్చింది. ఆ లోతుకు డ్రెయిన్లు దింపే వీలు లేదు. దీవి నింపుడు మందం సుమారు 33 మీటర్లు. కింది నేల మీద చదరపు మీటరుకు 40 టన్నులకు మించిన భారం పడింది. ఆ పాత బంకమట్టి అంతకుముందెన్నడూ అంత బరువును ఎరగదు. దాంతో నిర్మాణం సాగుతుండగానే కుంగుదల అంచనాను దాటింది, నింపుడును ఇంకా పెంచవలసి వచ్చింది. మొదలుపెట్టిన నాటి నుంచి మొదటి దీవి సగటున 13 మీటర్లకు పైగా దిగింది. అయితే వేగం మాత్రం తగ్గుతూ వచ్చింది: 1994లో ఏడాదికి 50 సెంటీమీటర్ల దాకా ఉన్నది ఇటీవలి సంవత్సరాల్లో 6 సెంటీమీటర్ల దగ్గరికి చేరింది. కాగితం మీద మనం గీసే కన్సాలిడేషన్ వక్రరేఖ నిజమైన నేల మీద ఇంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి లేదని నా అభిప్రాయం.

జవాబు: స్ట్రక్చరల్ డిజైనర్, హైదరాబాద్

భవనం గురించి నేను చెబుతాను. భవనాన్ని దెబ్బతీసేది మొత్తం కుంగుదల కాదు, చోటుచోటుకీ ఉండే తేడా, అంటే డిఫరెన్షియల్ సెటిల్‌మెంట్. అంతా సమానంగా మీటరు దిగినా భవనానికి నష్టం లేదు. పక్కపక్క స్తంభాల మధ్య కొద్ది సెంటీమీటర్ల తేడా వస్తేనే గోడలూ అద్దాలూ దెబ్బతింటాయి. ఈ టెర్మినల్ పొడవు 1.7 కిలోమీటర్లు కాబట్టి ఆ తేడా రాకుండా ఉండదు.

దానికి చేసిన ఏర్పాటు చూడండి. సుమారు 900 స్తంభాల అడుగున హైడ్రాలిక్ జాక్ పెట్టే వీలు ఉంచారు. స్తంభాల మట్టాన్ని నిరంతరం కొలుస్తూ, ఏదైనా మిగతావాటికంటే దిగితే దాని మొదట్లో జాక్ పెట్టి కొన్ని మిల్లీమీటర్లు లేపుతారు. అలా ఏర్పడిన సందులో ఉక్కు పలకలు దూర్చి, బరువును వాటి మీదికి దించి, జాక్ తీసేస్తారు. పైన ప్రయాణికులు నడుస్తూనే ఉంటారు. మరో ముఖ్యమైన విషయం: బేస్‌మెంట్ కోసం మట్టి తవ్వి తీసిన చోట నేల మీద భారం తగ్గి అక్కడ కుంగుదల తక్కువవుతుంది కనుక, ఆ తేడాను సరిచేయడానికి అడుగున ఇనుప ఖనిజం పరిచారు. భవనం బరువు తగ్గించాలని మనం ఎప్పుడూ తాపత్రయపడతాం, అక్కడ కావాలని బరువు కలిపారు.

1988 పోటీలో గెలిచి ఈ టెర్మినల్‌ను రూపొందించినవారు ఇటలీ ఆర్కిటెక్ట్ రెంజో పియానో. నిర్మాణ ఇంజనీరింగ్‌లో అరూప్ సంస్థకు చెందిన పీటర్ రైస్ ఆయనకు తోడ్పడ్డారు. ఆ అలలాంటి పైకప్పును అందం కోసమే గీశారని అనుకుంటారు, కానీ ఒక వైపు నుంచి వదిలిన చల్లగాలి డక్టుల అవసరం లేకుండా హాలు పొడవునా సాగేలా ఆ వంపును నిర్ణయించారు. భవనం రెండు చివరలా ఎత్తు తగ్గుతూ పోవడానికి కూడా కారణం ఉంది: కంట్రోల్ టవర్‌లో ఉన్నవారికి విమానాల తోకలు అడ్డులేకుండా కనబడాలి. ఆ పైకప్పు రేఖాగణితాన్ని ఒకే పెద్ద వలయాకారం నుంచి తీసుకున్నందున, సుమారు 82,000 స్టెయిన్‌లెస్ స్టీల్ పలకలనూ ఒకే కొలతతో తయారుచేయగలిగారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. డ్రెయిన్ల లెక్క చాలా స్పష్టంగా అర్థమైంది. ఇంకొక్క సందేహం: 2018లో విమానాశ్రయం నీట మునిగిందని చదివాను. అది ఈ కుంగుదల వల్లేనా?

జవాబు: ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న తెలుగువాడిని

2018 సెప్టెంబరు 4న జెబి తుపాను వచ్చింది. విమానాశ్రయంలో గాలి సెకనుకు 58 మీటర్ల వేగాన్ని తాకింది. అలలు కరకట్టను దాటి మొదటి రన్‌వేను, టెర్మినల్ 1 బేస్‌మెంట్‌ను ముంచేశాయి. విద్యుత్ పరికరాలు ఆ బేస్‌మెంట్‌లోనే ఉండటంతో కరెంటు పోయింది. లంగరు పట్టు తప్పి కొట్టుకొచ్చిన ఒక ట్యాంకర్ ఓడ దీవికీ తీరానికీ ఉన్న ఒకే ఒక్క వంతెనను గుద్దింది, దాంతో వేలాది ప్రయాణికులు రాత్రంతా అక్కడే చిక్కుకుపోయారు. మరునాడు వారిని స్పీడు బోట్లలో కోబె వైపు, బస్సుల్లో ఒడ్డుకు తరలించారు. రైళ్లు 18వ తేదీకి గాని మళ్లీ నడవలేదు.

కారణం కుంగుదల ఒక్కటే అనడం న్యాయం కాదు, ఎందుకంటే ఆనాటి అలలు డిజైన్‌లో తీసుకున్న ఎత్తును మించాయి. కానీ కుంగే దీవి మీద కరకట్ట కూడా దీవితోపాటే దిగుతుంది, అంటే రక్షణ ఏటా కొంత కరిగిపోతుంది. నన్ను ఎక్కువగా బాధించేది మాత్రం విద్యుత్ పరికరాలను సముద్రం మధ్య నేలమాళిగలో ఉంచడం. తర్వాత కరకట్టలను గరిష్ఠంగా 2.7 మీటర్ల మేర పెంచారు, రన్‌వేను ఎత్తు చేశారు, విద్యుత్ ఏర్పాట్లకు నీటి నుంచి రక్షణ కల్పించారు.

ఇదే దీవి 1995 జనవరి 17 నాటి కోబె భూకంపాన్ని పెద్దగా నష్టం లేకుండా తట్టుకుందని కూడా గుర్తుంచుకోవాలి. అదే అఖాతంలో కోబె దగ్గర సముద్రాన్ని పూడ్చి కట్టిన పోర్ట్ ఐలాండ్ మాత్రం నేల ద్రవీకరణతో (కుదుపుకు నీటితో నిండిన నేల ద్రవంలా మారడంతో) బురదమయమైంది.

జవాబు: జియోటెక్ ఇంజనీరు, విశాఖపట్నం

పై మిత్రుడితో ఏకీభవిస్తున్నాను. మీరు దీన్ని సెమినార్‌కు తీసుకుంటే 2007లో 4,000 మీటర్ల రన్‌వేతో ప్రారంభమైన రెండో దీవిని కూడా చేర్చండి. అక్కడ నీటి లోతు, మెత్తటి పొర మందం రెండూ ఎక్కువ కావడంతో కుంగుదల 17 మీటర్లు దాటింది, వేగమూ మొదటి దీవి కంటే ఎక్కువే. ఆ దీవి మీద 2012లో తెరిచిన టెర్మినల్ 2 ఒకే అంతస్తు భవనం. మొదటి దీవికి, రెండో దీవికి కాలం–కుంగుదల గ్రాఫులను ఒకే కాగితం మీద గీసి చూపించండి. మీ మేడమ్ అడగబోయే ప్రశ్నలు చాలావరకు ఆ రెండు రేఖల మధ్యనే ఉంటాయి.