ఏడో ఫైనల్ ఫాంటసీకి ‘అడ్వెంట్ చిల్డ్రన్’ అవసరమా? గేమ్ ముగిసిన చోటే కథ ఆగాల్సిందా?

మెమరీకార్డ్_15 (దిల్‌సుఖ్‌నగర్)

మొన్న ఇక్కడ ఇంకో చర్చలో ఒకరు, “అడ్వెంట్ చిల్డ్రన్ లేకపోయినా ఏమీ పోయేది కాదు, గేమ్ ఎక్కడ ఆగిందో కథ అక్కడే ఆగాలి” అని రాశారు. రెండు రోజులుగా ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. నేను ఒప్పుకోలేను. అందుకే విడిగా మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. ఫైనల్ ఫాంటసీ 7 గేమ్ 1997లో ప్లేస్టేషన్‌కి వచ్చింది, మూడు సీడీలు. భూమి ప్రాణశక్తిని తోడి కరెంటు తీసే షిన్రా అనే కంపెనీ, దాని మీద తిరగబడ్డ చిన్న గుంపు, ఆ గుంపులోకి డబ్బుల కోసం వచ్చిన క్లౌడ్. మొదటి సీడీ చివర్లో ఆ గుంపులోని ఏరిత్ అనే అమ్మాయిని సెఫిరోత్ అనే విలన్ మన కళ్ళముందే చంపేస్తాడు. 2005 సెప్టెంబరులో జపాన్‌లో దీనికి సీక్వెల్‌గా ‘అడ్వెంట్ చిల్డ్రన్’ అనే కంప్యూటర్ యానిమేషన్ సినిమా వచ్చింది. దర్శకుడు తెత్సుయా నొమురా, గేమ్‌లో ఆ పాత్రల బొమ్మలు గీసినాయనే. కథ గేమ్ అయిన రెండేళ్ళకి నడుస్తుంది. ఊళ్ళో పిల్లలకీ పెద్దలకీ జియోస్టిగ్మా అనే జబ్బు, ఒంటి మీద నల్లటి మచ్చలు. క్లౌడ్‌కీ అది వచ్చింది. ఎవరికీ చెప్పడు, ఇంటికి పోడు.

నేను ఆ గేమ్ ఆడింది సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ మీద. లెన్స్ అరిగిపోయి సీడీ చదివేది కాదు. డబ్బా బోర్లా తిప్పి పెడితే చదివేది. మూడు సీడీలూ అలా బోర్లా పెట్టే పూర్తిచేశాను. ఏరిత్ చనిపోయిన రోజు అమ్మ అన్నానికి పిలిస్తే వెళ్ళలేదు.

కానీ ఆ తర్వాత గేమ్ ఏం చేస్తుందో గుర్తు చేసుకోండి. ఏరిత్‌ని నీళ్ళలో వదులుతాడు క్లౌడ్. రెండో సీడీ పెడతాం. కాసేపటికే మంచుకొండ మీద బోర్డు ఎక్కి జారే ఆట వస్తుంది. అడ్డొచ్చిన బెలూన్లు కొడుతూ జారుతున్నాం మనం! ఆవిడ పోయి ఎంతసేపయిందని? ప్రపంచాన్ని కాపాడే పని ఉంది కాబట్టి గేమ్ ముందుకి పోవాలి, అర్థం చేసుకోగలను. కానీ క్లౌడ్‌కి ఏడవడానికి టైమ్ ఎవరిచ్చారు? ఆ టైమ్ ఇచ్చింది సినిమా. నా వరకు దాని అవసరం అదే.

మొల్ల_పక్షం (వనస్థలిపురం)

ఆ మాట రాసింది నేనే. తమ్ముడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూడటంతో మొదలై, తర్వాత నేనే ఒంటరిగా రెండుసార్లు పూర్తిచేశాను. కాబట్టి గేమ్ తెలియక అన్నమాట కాదు.

మీరన్న మంచుకొండ సంగతి నిజమే. కానీ ఏడవడానికి గేమ్ టైమ్ ఇవ్వలేదంటే ఒప్పుకోను. ఆ దుఃఖం క్లౌడ్‌ది కాదు, మనది. ఏరిత్‌కి నేను గంటలు గంటలు లెవెల్ పెంచాను. గాయాలు మాన్పే పని అంతా ఆమె మీదే పెట్టుకున్నాను. ఆమె పోయాక మెనూ తెరిస్తే ఆ పేరు లేదు. తర్వాతి యుద్ధంలో చెయ్యి అలవాటుగా ఆమె కోసం వెతికింది. ఇంట్లో ఒకరు పోయాక నాలుగు కంచాలకి బదులు అయిదు కంచాలు పెట్టేస్తామే, అలాంటిది. దీన్ని ఏ సినిమా చూపించలేదు, ఎందుకంటే సినిమాలో మన చెయ్యి ఉండదు.

ఇక ముగింపు. ఉల్క పడుతుంది, భూమిలోంచి ప్రాణధార పైకి లేస్తుంది, ఏరిత్ ముఖం ఒక్క క్షణం. తెర చీకటి. ఆపైన 500 ఏళ్ళ తర్వాత అని వస్తుంది. గుంపులోని మాట్లాడే మృగం రెడ్ థర్టీన్ తన రెండు పిల్లలతో కొండ ఎక్కి నిలబడితే కింద షిన్రా నగరం మిడ్‌గార్ అంతా పచ్చటి చెట్లు. మనుషులు మిగిలారా, లేదా? చెప్పరు. అంత పెద్ద ప్రశ్నని ఆడేవాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోయే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? సినిమా వచ్చి ‘మిగిలారు, పక్కనే ఎడ్జ్ అని ఇంకో ఊరు కట్టుకున్నారు, క్లౌడ్ బండి మీద పార్సిళ్ళు చేరవేస్తున్నాడు’ అని చెప్పేసింది. ఆ ప్రశ్న చచ్చిపోయింది.

మొల్ల రామాయణం ఆరు కాండలతో ఆపింది. పట్టాభిషేకం అయింది, చాలు. ఉత్తరకాండ జోలికి పోలేదు. నేను ఆవిడ పక్షం.

కీఫ్రేమ్ (మాదాపూర్)

నేను యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తాను, కాబట్టి నా కన్ను వేరే చోటికి పోతుంది. మేడమ్ వాదనలో బలం ఉంది, కానీ నాకు సినిమా మీద ఉన్న కోపం వేరు. అందులో బరువు లేదు.

మా పనిలో మొదటి ఏడాది నేర్పేది బరువే. బంతి కింద పడితే ఎంత నొక్కుకుపోవాలి, మనిషి మూట ఎత్తితే నడుము ఎంత వంగాలి. క్లౌడ్ కత్తి చూడండి. ఆరు కత్తులు కలిసి ఒక్కటయ్యే ఆయుధం. దాన్ని పట్టుకుని గాల్లో పది అంతస్తులు ఎగురుతాడు, గోడ మీద పరిగెడతాడు, దిగినప్పుడు మోకాలు కూడా వంగదు. జుట్టు, తోలు, బట్ట మీద 2005లో వాళ్ళు చేసిన పని ఇప్పుడు ఆపి చూసినా దండం పెట్టాలనిపిస్తుంది. కానీ దెబ్బ తగిలితే నొప్పి పుట్టాలి కదా! నాకు ఒక్కచోట పుట్టింది. 2009లో ‘కంప్లీట్’ పేరుతో బ్లూరే వచ్చింది, సుమారు 26 నిమిషాలు ఎక్కువ. అందులో సెఫిరోత్‌తో పోరు పొడవు పెంచారు, రక్తం చూపించారు. కత్తి నిజంగా దిగింది అనిపించింది.

బహముత్ అనే రాకాసి డ్రాగన్‌తో పోరులో స్నేహితులంతా క్లౌడ్‌ని ఒకరి తర్వాత ఒకరు పైకి అందించే సీన్ మాత్రం మినహాయింపు. అక్కడా ఎగరడమే, అయినా ప్రతి చెయ్యీ ఒక మెట్టులా ఉంటుంది. చివరి చెయ్యి ఎవరిదో చూశారుగా. అది ఏరిత్‌ది.

ఒక పాత సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ గేమ్ తీసిన కంపెనీయే 2001లో ఫైనల్ ఫాంటసీ పేరుతోనే ఒక సినిమా తీసింది. ఏ గేమ్ కథా కాదు, పాత్రలు కొత్తవి. 13.7 కోట్ల డాలర్ల ఖర్చు, వచ్చింది 8.5 కోట్లు. అంత దెబ్బ తిన్నవాళ్ళు మళ్ళీ యానిమేషన్ సినిమాకి దిగారంటేనే గొప్ప. దిగినప్పుడు గేమ్‌ని ప్రేమించినవాళ్ళని నమ్ముకున్నారు, అది తప్పంటే నేను ఒప్పుకోను. మొదట 20 నిమిషాల లఘుచిత్రం అనుకున్నది పెరిగి పెరిగి 101 నిమిషాలైంది. ఆ పెరిగిన భాగంలో సగం కొట్లాటకి పోకుండా డెంజెల్ అనే ఆ అనాథ పిల్లాడికి పోయి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

కొత్తగా_ఆడుతున్నా (కేపీహెచ్‌బీ)

అన్నా, మేడమ్, నేను 2020 రీమేక్‌తో వచ్చినదాన్ని. హాస్టల్లో నలుగురం కలిసి ల్యాప్‌టాప్‌లో సినిమా చూశాం. ముగ్గురు గేమ్ ముట్టుకోలేదు. అరగంటకి ఇద్దరు పడుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు. జెనోవా ఎవరో, విలన్ కడాజ్ అమ్మ అమ్మ అని ఎవరి కోసం వెతుకుతున్నాడో, కొండ మీద తుప్పుపట్టిన కత్తి ఎవరిదో సినిమా సరిగ్గా చెప్పదు. అది క్లౌడ్ చనిపోయిన స్నేహితుడు జాక్‌ది. ఆ జాక్ ఎవరో నాకే తెలియదు అప్పటికి. అందరూ చేతికి గులాబీ రంగు రిబ్బన్ ఎందుకు కట్టుకున్నారో మర్నాడు నేనే వెతికి తెలుసుకున్నా, ఏరిత్ జ్ఞాపకంగా అని. తెలిశాక మళ్ళీ మొదటి నుంచి చూస్తుంటే ఒక్కో రిబ్బన్ కనపడినప్పుడల్లా గొంతు పట్టేసింది. కానీ మొదటిసారి చూసేవాళ్ళకి అది ఒట్టి గుడ్డముక్కే. తెలిసినవాళ్ళకే తలుపు తీసే సినిమాని మంచి సినిమా అనొచ్చా? నేను నిజంగానే అడుగుతున్నా.

మెమరీకార్డ్_15

చెల్లీ, నీ ప్రశ్నకి ముందు. అనొచ్చు అనే నా అభిప్రాయం. కోటిమందికి పైగా కొన్న గేమ్ అది. వాళ్ళకి రాసిన ఉత్తరం అనుకో ఆ సినిమా. ఉత్తరం ఎవరికి రాశారో వాళ్ళకి అర్థమవడం ముఖ్యం. నీ స్నేహితులు నిద్రపోవడం నాకూ బాధే, కానీ జాక్ ఎవరో పది నిమిషాలు చెప్పిస్తే ఆ ఉత్తరం పాఠం అయిపోతుంది.

మేడమ్, ప్రశ్న చచ్చిపోయిందన్నారు. సినిమా మొదటి షాట్ ఏంటో గుర్తుందా? అదే రెడ్ థర్టీన్, అవే రెండు పిల్లలు, అదే కొండ, చెట్లు కమ్మిన మిడ్‌గార్. ఆ తర్వాత ‘498 సంవత్సరాల క్రితం’ అని పడుతుంది. గేమ్ ఆఖరి బొమ్మని వాళ్ళు చెరపలేదు. దాన్ని గుమ్మంలా నిలబెట్టి అందులోంచి లోపలికి వచ్చారు. రెండేళ్ళకి మనుషులు బతికే ఉన్నారు, సరే. మిగిలిన 498 ఏళ్ళు ఏమయ్యాయి? మీ ప్రశ్న మీ చేతిలోనే ఉంది.

ఇక నేను ఈ సినిమా పక్షాన ఎందుకు ఇంత గట్టిగా నిలబడతానో కూడా చెప్పాలి. 2006లో నాన్న పోయారు. ఆసుపత్రికి రాత్రే తీసుకెళ్దామని అమ్మ అంటే, పొద్దున్నే వెళ్దాంలే అన్నది నేను. ఆ తర్వాత మూడు నెలలు ఎవరి ఫోనూ ఎత్తలేదు. చిన్న నోకియా ఫోన్, తెర మీద మిస్డ్ కాల్స్ లెక్క పెరుగుతూ ఉండేది. ఒక స్నేహితుడు ఊరుకోలేక మలక్‌పేటలో తన రూమ్‌కి లాక్కెళ్ళాడు. వాళ్ళ అన్నయ్య విదేశం నుంచి తెచ్చిన డీవీడీ పెట్టాడు. అదే ఈ సినిమా.

అందులో క్లౌడ్ ఫోన్ ఎత్తడు. మొదటి నుంచీ ఎత్తడు. గుంపులోని టిఫా చేస్తుంది, బారెట్ చేస్తాడు, మెసేజ్‌లు పేరుకుపోతుంటాయి. ఒకచోట ఆ ఫోన్ నీళ్ళలో పడిపోతుంది. మెల్లగా మునుగుతూ ఉంటే అందరి గొంతులూ ఒకదాని తర్వాత ఒకటి వినపడతాయి. ఆఖరి గొంతు ఏరిత్‌ది. నిన్నెప్పుడూ తప్పుపట్టలేదు, నా కోసం వచ్చావు కదా, అని.

నేను లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేశా. కీఫ్రేమ్ అన్నా, కత్తికి బరువు లేదన్నావు, ఒప్పుకుంటా. ఆ ఫోన్‌కి ఉంది.

కీఫ్రేమ్

ఉంది తమ్ముడూ. ఆ షాట్‌లో ఏమీ ఎగరదు. నీళ్ళలో ఒక వస్తువు కిందికి పోవడం, అంతే.

మొల్ల_పక్షం

మీ నాన్నగారి గురించి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. పొద్దున్నే వెళ్దాం అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. అది తప్పు కాదు.

498 అని పడటం నేను మరిచిపోయాను, అది మీకే వదిలేస్తున్నా. కానీ ఒక అభ్యంతరం మిగిలే ఉంది. చచ్చిపోయినవాళ్ళు తిరిగి వచ్చి మాట్లాడితే చావుకి అర్థం ఏమిటి? ఏరిత్ సినిమా అంతటా ఉంది. పూలతోటలో క్లౌడ్ వెనక నిలబడింది, వాన కురిపించి జబ్బు నయం చేసింది. సెఫిరోత్ కూడా లేచి వచ్చాడు. పోయినవాళ్ళంతా ఇలా వస్తుంటే మొదటి సీడీ చివర మనం ఏడ్చింది దేనికి?

నేను పిల్లలకి భారతం చెబుతాను కాబట్టి, నా వాదనకి అడ్డొచ్చేది కూడా నేనే చెప్పాలి. ఆశ్రమవాస పర్వంలో ఇలాంటి ఘట్టమే ఉంది. యుద్ధం అయి ఏళ్ళు గడిచినా ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి లోపల కుమిలిపోతుంటారు. వ్యాసుడు గంగలో దిగి పిలిస్తే కర్ణుడు, అభిమన్యుడు, దుర్యోధనుడు, అందరూ నీళ్ళలోంచి లేచి వస్తారు. రాత్రంతా తమవాళ్ళతో గడుపుతారు. అయితే అది ఒక్క రాత్రి. తెల్లారేసరికి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతారు. ఎవరూ ఉండిపోరు. ఆ హద్దు ఉంది కాబట్టే ఆ పర్వం చదివితే కన్నీళ్ళొస్తాయి. సినిమాలో ఆ హద్దు నాకు కనపడలేదు. సెఫిరోత్ అయితే, తానెప్పటికీ జ్ఞాపకంగా మిగలనని చెప్పి మరీ పోతాడు. అంటే మళ్ళీ వస్తాడని కదా.

మెమరీకార్డ్_15

సెఫిరోత్ విషయంలో నా దగ్గర జవాబు లేదు మేడమ్. అతను రాకుండా కడాజ్ ఒక్కడితో కథ నడిచి ఉంటే ఇంకా బాగుండేదని నేనూ అనుకుంటాను.

ఏరిత్ విషయంలో మాత్రం ఆ హద్దు ఉంది. చర్చి సీన్ మళ్ళీ చూడండి. నీళ్ళల్లో నిలబడి క్లౌడ్ డెంజెల్ తల మీద దోసిలితో నీళ్ళు పోస్తాడు, పిల్లాడి నుదుటి మీద మచ్చ పోతుంది. పిల్లలంతా నీళ్ళలోకి దూకుతారు. అప్పుడు క్లౌడ్ తల ఎత్తితే ఏరిత్ పిల్లల మధ్య ఉంటుంది. లేచి గుమ్మం వైపు నడుస్తుంది. అక్కడ జాక్ గోడకి ఆనుకుని నిలబడి ఉంటాడు. ఇద్దరూ వెలుతురులోకి వెళ్ళిపోతారు. క్లౌడ్ ఆపడు, వెనక పరిగెత్తడు. తను ఒంటరిని కానని ఒక్క మాట అంటాడు. మీ గంగ ఒడ్డు అదే కదా?

మొల్ల_పక్షం

ఆ గుమ్మం దగ్గర జాక్ ఉన్నాడని నాకు గుర్తే లేదు. ఆదివారం తమ్ముడు ఇంటికొస్తున్నాడు, వాడితో కలిసి మళ్ళీ చూస్తాను. ముగింపు విషయంలో మాత్రం నేను మొల్లనే. మారను.

కొత్తగా_ఆడుతున్నా

నిద్రపోయిన ఇద్దరిలో ఒకామె ఇదంతా చదివి, ఆ ఫోన్ సీన్ ఒక్కటి పెట్టమంది. పెట్టాను. ఏరిత్ ఎవరు అని అడిగింది. చెప్పకుండా గేమ్ మొదలుపెట్టించాను. ఇప్పుడు మిడ్‌గార్‌లో రైలు దిగి, మొదటి రియాక్టర్ దగ్గరుంది.